సైమా సౌనాలో తౌనో గరిటె

తౌనో హుత్తునెన్ చేసిన గరిటెను చూసినవాళ్లు ముందు నవ్వేవారు. సౌనాలో, అంటే ఆవిరి స్నానాల గదిలో, కాలిన రాళ్ల మీద నీళ్లు పోసే గరిటెకు నిటారు పిడి, చివర గిన్నె ఉంటే చాలు కదా! ఇతని గరిటె పిడి మాత్రం మధ్యలో హంస మెడలా వంపు తిరిగి, మళ్లీ తిన్నగా సాగేది. చేతికి తీసుకున్నాక ఆ నవ్వు ఆగిపోయేది. ఆ వంపు తన బొటనవేలికి అమరిందో లేదో చూసుకుంటూ చలికాలమంతా చెక్కాడు దాన్ని.

అతనుండే సరస్సు ఒడ్డు పల్లెలో గరిటె గానీ బకెట్టు గానీ చేయగానే అమ్మకానికి పెట్టరు. ముందు పొరుగిళ్లకు ఇస్తారు. శనివారం శనివారం ఒక్కో ఇంటి సౌనాలో తడిసి, ఎండి, స్నానం చేసినవాళ్ల చేత బాగుందని ఓ మాట అనిపించుకుని ఇల్లు చేరాలి. అలా తిరగని సరుకును ఎవరూ కొనరు. తౌనో గరిటె వసంతంలో ముందుగా వెళ్లింది పక్కింటి సైమా దగ్గరికి. ఆవిడ అతని కంటే పెద్దది. నోరు పదును, మనసు వెన్న.

"ఏరా, ఈ వంకర బుద్ధి నీకెక్కణ్ణుంచి వచ్చింది? మీ నాన్న గరిటెలు తిన్నగా ఉండేవిగా!"

"చూడ్డానికీ బాగుండాలిగా అక్కా!"

"బాగానే ఏడ్చిందిలే. ఇంకో వారం ఉంచు."

గరిటె ఊరంతా తిరిగింది. చర్చిలో ప్రార్థన అయ్యాక అందరూ కాఫీలు తాగే చోట కూడా చేతులు మారింది. శరదృతువులో ఎవరో చెబితే తౌనో దాని రూపాన్ని తన పేర రిజిస్టరు చేయించి, ఇంకెవరూ ఆ రూపంలో చేయకూడదన్న పత్రాన్ని పనిబల్ల మీద గోడకు తగిలించుకున్నాడు. ఏడాది తిరక్కుండానే పట్నం దుకాణాల్లో అదే వంపుతో ఒక కంపెనీ గరిటెలు వేలాడాయి. తౌనో కోర్టుకెక్కాడు.

"నీ చేతిలో పత్రం ఉంది. అది చాలు. అక్కడ నోరు విప్పకు," అని అతని వకీలు ముందే చెప్పాడు.

అవతలి వకీలు మాత్రం అతని నోరు విప్పించడానికే వచ్చాడు. "ఈ వంపు మా కంపెనీవాళ్లు ఈయన పత్రానికి ముందు వేసవిలోనే గీశారు. ఈయన ఎక్కడో చూసి, మాకంటే ముందు పరుగెత్తి రిజిస్టరు చేయించుకున్నాడు," అన్నాడు.

తనను దొంగ అంటున్నారు! తౌనోకు ఒళ్లు మండిపోయింది. గరిటె మీద వచ్చే లాభం పోయినా ఓర్చుకునేవాడేమో, ఈ మాట ఓర్చుకోలేకపోయాడు. వకీలు కోటు పట్టి లాగుతున్నా లేచి నిలబడి, "వసంతంలోనే నా గరిటె సైమాక్క సౌనాలో ఉంది! అడగండి ఆవిణ్ణి!" అని అరిచాడు.

తోడుగా వచ్చి వెనక వరసలో కూర్చున్న సైమా, పిలవగానే చర్చి టోపీ సర్దుకుని ముందుకొచ్చింది.

"మొదటి స్నానం మా ఇంట్లోనేనండీ. తర్వాత మా మరిదింట్లో, పోస్టుమానింట్లో. చర్చి దగ్గరైతే పట్నం చుట్టాలు కూడా పట్టుకు చూశారు."

"ఇదంతా ఈయన దరఖాస్తు పెట్టకముందేనా అమ్మా?" అని అడిగాడు అవతలి వకీలు.

"ముందే మరి! ఇతను దొంగేంటి, మీ మొహం!"

అవతలి వకీలు ఆవిడకు వంగి మరీ కృతజ్ఞతలు చెప్పాడు. గెలిచామనుకుంది సైమా.

తీర్పు మాత్రం వేరుగా వచ్చింది: అప్పటి చట్టం ప్రకారం దరఖాస్తు నాటికి ఆ రూపం లోకం కంట పడి ఉండకూడదట. ఊరంతా వాడి చూసిన రూపం కొత్తది కాదట, కాబట్టి రిజిస్ట్రేషన్ రద్దు. గరిటె తౌనోదేనని అందరూ ఒప్పుకున్నారు, పాపం. ఇకపై దాన్ని ఎవరైనా చేసుకోవచ్చన్నారు, అంతే. చేజేతులా పోగొట్టుకున్నాడు.

తిరుగు బస్సులో సైమా మొహం చిన్నబోయింది. "ఉన్నదేగా చెప్పాన్రా?"

"ఉన్నదే చెప్పావక్కా."

ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఏం పోయేదని అతనికి లోపల కసిగా ఉంది. ఆవిణ్ణి పిలిచింది తనేనన్న మాట అంతకంటే చేదుగా ఉంది.

తర్వాత తౌనో గరిటెలు మానేసి కిటికీ చట్రాలు చేసుకున్నాడు. మరుసటి వసంతంలో సైమా పట్టుబట్టి సౌనాకు పిలిచింది. లోపలికి వెళ్తే బకెట్లో ఆ కంపెనీ గరిటె ఉంది.

బయటి నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "దుకాణంలో కనిపిస్తే నీదే గదా అని కొన్నాన్రా. నువ్వేమో చెయ్యడం మానేశావు. ఎలా ఉందో చెప్పు మరి!"

తౌనో దాన్ని అందుకున్నాడు. బొటనవేలు దానంతటదే వంపులోకి వెళ్లి కూర్చుంది. నీళ్లు పోశాడు, రాళ్లు బుసకొట్టాయి.

"నా చేతికి కొలిచి చేసినట్టే ఉందక్కా," అన్నాడు.