ఓడినవాళ్ల జెండా బట్ట

మా అబ్బా నకిరేకల్‌లో దర్జీ. ఎన్నికలొచ్చాయంటే అల్లా మా ఇంటివైపు చూసినట్లే. ఎవరు గెలిచినా ఓడినా, రెండు పార్టీల జెండాలూ మా మిషన్ మీదే కుట్టేవాళ్లం. అబ్బా దగ్గర తెలుగు అక్షరాలు, అమ్మీ దగ్గర ఖురాన్. బడికి పోని నా చదువంతా జెండాల అంచులు మడుస్తూనే సాగింది.

ఒక ఏడు ఓడిపోయినవాళ్లు తమ చివరి జెండా బట్ట మూట కోసం తిరిగి రాలేదు. బట్ట పారేయడం పాపమని అమ్మీ దాన్ని దాదీకి బొంతగా కుట్టింది. చలికాలం. దాదీ దాన్ని గడ్డం దాకా లాక్కుని, "ఓడినోళ్లే నయం, నన్ను కప్పిన్రు" అనేది.

అప్పుడే ఇళ్ల జాగాలకు జాబితా రాస్తున్నారు. మాది కిరాయి గది. జాబితాలో ఎవరి పేరుండాలో గెలిచిన పార్టీ పెద్దమనిషి చెప్పేవాడు. ఎండలో ఆరేసిన బొంతను ఆయన మనిషొకడు చూసి వెళ్లాడు. మర్నాడు అబ్బాకు పిలుపు వచ్చింది. వెంట నేనూ వెళ్లాను.

"ఏం దర్జీ, మా జెండాలు కుట్టి పైసలు తీస్కుంటివి. వాళ్ల జెండా కప్పుకొని పంటున్నరట."

"జెండా కాదన్నా, బట్ట. ముసలామెకు చలి."

"మా బట్ట మిగల్లేదా?"

"మీవోళ్లు పీలిక గూడ ఇడ్వకుండ తీస్కపోయిన్రన్నా."

అరుగు మీదివాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. "గా బొంత పట్కరా. నీ జాగా సంగతి గప్పుడు మాట్లాడుదం."

నన్నే పంపారు. దాదీ దాన్ని కప్పుకుని పడుకుని ఉంది. లాగుతుంటే "యాడికే బేటీ" అంది. ఉతకడానికి అన్నాను.

బొంతను పెద్దమనిషి తన గడప ముందు పరిపించాడు. "ముందుగాల నువ్వు తుడువు." అబ్బా చెప్పులు విడిచి పాదాలు తుడిచాడు.

"గట్ల గాదు. చెప్పులేస్కొని."

వేసుకుని తుడిచాడు. ఆయన నా వైపు చూశాడు. "బిడ్డ కాళ్లకు గూడ మట్టున్నట్టుంది."

నేనూ తుడిచాను.

జాగా ఇచ్చాడు. మాట తప్పలేదు, అది చెప్పకపోతే నాకు పాపం. పట్టా చేతికొచ్చిన రోజు అబ్బా రెండు రకాతుల నమాజు ఎక్కువ చదివాడు. ఈనాటికీ ఆ జాగాలో కట్టుకున్న గోడల మధ్య నిద్రలేచి నేనూ అల్లాకు షుక్రు చెప్పుకుంటాను. బొంత ఇంకా ఆరలేదా అని దాదీ ఆ చలికాలమంతా అడిగింది.

తర్వాతి ఎన్నికలకూ రెండు పార్టీల జెండాలు కుట్టాం. మిగిలిన ముక్కలు ఎవరి కంటా పడకుండా అమ్మీ ఆ పూటే పొయ్యిలో పెట్టేసేది. మా సొంత జాగా, మా సొంత పొయ్యి. దాదీ దగ్గరగా జరిగి చేతులు కాచుకునేది.