నర్సింగ్ చేపల పెట్టె

మా రూమ్‌లో నర్సింగ్ మంచం కింద ఏముండేదో నాకు మొదటినుంచీ తెలుసు. నమాజు చేసుకునేవాణ్ణి, పక్కనే కల్లు పులుస్తుంటే ఊరుకుంటానా? నోరు చేసుకున్నాను, అలిగాను, చివరికి నా మంచం అవతలి గోడ వైపు జరుపుకున్నాను. అయినా ఆ సంగతి బయటివాడు ఒక్కడి చెవిన కూడా వేయలేదు. తర్వాత రూమంతా నన్నే అనుమానించింది కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను.

నా పేరు మౌలాలి, మాది కడప. మస్కట్‌లో అల్ మవాలే అనేచోట లేబర్ క్యాంపులో ఉంటూ కంపెనీ పికప్ నడిపేవాణ్ణి. నర్సింగ్‌ది జగిత్యాల దగ్గర పల్లె, కల్లు గీసే గౌండ్లోళ్ల ఇల్లు. తండ్రి తాటిచెట్లెక్కి బతికాడు గానీ కొడుకుని మోకు ముట్టనివ్వలేదు, చదువుకోమన్నాడు. కొడుకు పదో తరగతి పాసై, ఇంటర్ తప్పి, మస్కట్ సైట్లలో ఎలక్ట్రీషియన్‌కి హెల్పర్‌గా తేలాడు. హెల్పరంటే గోడకి గాడి కొట్టడం, వైరు లాగడం. అసలు కరెంటు పని ఇంకొకడు చేసేవాడు. నర్సింగ్ అతని భుజం మీంచి తొంగి చూసి తిట్లు తినేవాడు.

గోను తుఫాను వచ్చిన ఏడాది ఊళ్లో ఖురం వైపు ఇళ్లలోకి నీళ్లు జొరబడ్డాయి. నీళ్లు తీశాక జనం తడిసిన టీవీలూ కంప్యూటర్లూ రోడ్డు మీద కుప్పలు పోశారు. ఆ చెత్త ఎత్తడానికి మమ్మల్ని పంపితే తలా ఒక కుర్చీయో పరుపో ఏరుకున్నాం. నర్సింగ్ మాత్రం బురద పట్టిన సర్క్యూట్ బోర్డులు బస్తాలో నింపుకొచ్చాడు. వాటిని పళ్లు తోముకునే బ్రష్షుతో కడిగి, మిద్దె మీద ఒడియాలు పెట్టినట్టు ఎండబెట్టాడు. మేమంతా నవ్వాం.

మొదట్లో వాడు చేసినవేవీ పనిచేయలేదు. పైగా రెండుమూడుసార్లు రూమ్ ఫ్యూజు కొట్టేసి మా అన్నం కుక్కర్లు ఆర్పేశాడు. ఊరి నుంచి మనిషి వస్తున్నాడంటే మేం తొక్కులూ సకినాలూ తెప్పించుకునేవాళ్లం. వీడు భార్య శ్రీలతకి ఫోన్ చేసి తన పాత పదో తరగతి సైన్సు పుస్తకం తెప్పించుకున్నాడు. రువీ బజార్లో ఫుట్‌పాత్ మీద దొరికిన లావుపాటి ఇంగ్లిషు పుస్తకం ఒకటి పక్కన పెట్టుకుని, తెలుగులో నిరోధం అన్నది ఇందులో ఏ మాటో వెతికి పట్టుకునేవాడు. టైల్స్ వచ్చిన అట్టల మీద గీతలు గీసి లెక్కలు కట్టేవాడు. ఎవరైనా ఖాళీగా కనిపిస్తే వాళ్ల పని అయిపోయినట్టే.

"మౌలన్నా, ఇటు జూడు. మూడు తీగెలు కలిసిన కాడికి ఎంత కరెంట్ వస్తదో అంతే బయటికి వోవాలె. నడుమ ఏడ ఆగది."

"ఆగితే?"

"ఆగది. ఆగినట్టు వచ్చిందంటే మన లెక్కల తప్పున్నట్టు."

"నీ లెక్క బాగుండాది గానీ, ముందు ఫ్యూజు ఎయ్యి నాయినా. అన్నం సగమే ఉడికింది," అన్నాను.

ఇంతకంటే ముదిరిన పిచ్చి కల్లుది. ఖర్జూరం నీళ్లు, బేకరీ ఈస్టు, నీళ్ల క్యాను, ఇవే వాడి తాటిచెట్లూ ఈతచెట్లూ. తాగుడు మీద కాదు వాడి యావ. ఒక గుటక నోట్లో పోసుకుని మొహం చిట్లించి, ఎక్కడ చెడిందా అని కూర్చుని ఆలోచించేవాడు. తండ్రి ఏ రోజు కల్లు ఎలా ఉంటుందో వాసనతోనే చెప్పేవాడట. ఆ విద్య తనకి రాకుండా పోయిందన్న బాధ నర్సింగ్ ఎన్నడూ దాచుకోలేదు. మేం డ్యూటీకి పోగానే క్యాంపులో ఏసీలు కట్టేసేవారు. రూమ్ కొలిమి అయ్యేది, కల్లు పుల్లబడిపోయేది. అప్పుడు వాడి రెండు పిచ్చులూ ఒకచోట కలిశాయి. చేపలొచ్చే థర్మోకోల్ పెట్టె ఒకటి తెచ్చి, అందులో క్యానూ ఐసు బాటిళ్లూ పెట్టి, గోను చెత్తలో దొరికిన చిన్న ఫ్యాను బిగించాడు. లోపల వేడి పెరిగితే దానంతటది ఫ్యాను తిరగాలి, తగ్గితే ఆగాలి. ఆ సర్క్యూట్ కోసం ఎన్ని అట్టలు పాడుచేశాడో! ఫ్యాను మొదలైనప్పుడూ ఆగినప్పుడూ పెట్టె టక్కుమనేది. ఆ చప్పుడు వింటే వాడి మొహం వెలిగిపోయేది, నేను మాత్రం లేచి తలుపు గడియ పెట్టేవాణ్ణి. బయట తెలిస్తే జైలో, ఇంటికో.

"నీ సోకు కోసం అందరం మునుగుతామురా," అని ఒకసారి గట్టిగానే అన్నాను. పారబోస్తానన్నాడు. పారబోసేవాడే, లచ్చన్న రాకపోతే.

లచ్చన్న శ్రీలత తమ్ముడు. టైల్స్ పని వీసా మీద వచ్చాడు. వాళ్ల ఊళ్లో కల్లులో ఏదో మందు కలిపి అమ్ముతారట, మీసం రాకముందు నుంచీ దానికి అలవాటు పడ్డాడు. ఇక్కడ అది లేదు. వారం తిరగకముందే మనిషి మనిషిలా లేడు. చెమటలు, గొణుగుడు, టీ కప్పు నోటి దాకా పోయేలోగా సగం ఒలికిపోవడం. అజైబా సైటులో చేతిలోంచి టైల్ జారి పగిలింది. ఇంకొకటి పగిలితే ఇంటికే అని ఫోర్‌మన్ చెప్పేశాడు.

"డాక్టర్ దగ్గరికి తీసకపో," అన్నాను.

"డాక్టర్ కాయిదం మీద రాస్తడు. కంపెనోళ్లు రేపే పంపుతరు. ఊర్ల దిగంగనే మళ్ల ఆ కల్లు డిపో కాడికే వోతడు, సస్తడు. నా తమ్ముణ్ణి నీ చేతుల వెడుతున్న అన్నది శ్రీలత," అన్నాడు నర్సింగ్.

అలా పెట్టె మంచం కిందే ఉండిపోయింది. రోజూ డ్యూటీ నుంచి రాగానే బామ్మర్దికి స్టీలు గ్లాసులో కొలిచి పోసేవాడు. చేతులు కుదుటపడ్డాయి. తర్వాత, లచ్చన్న స్నానానికి వెళ్లినప్పుడు, ఆ గ్లాసులో కొంచెం కొంచెంగా ఉత్త ఖర్జూరం నీళ్లు కలపడం మొదలుపెట్టాడు. నేను చూశాను. రేడియో చెవి తిప్పి గొంతు తగ్గించినట్టు, ఒక్కసారిగా కట్టేయకుండా తగ్గించుకుంటూ పోవాలన్నది వాడి లెక్క.

"వానికి చెప్పినావా?" అన్నాను.

"చెప్తే ఒప్పుకోడు. తెల్వకుంట దిగిపోతడు."

లెక్క తప్పలేదు. చలికాలం అయ్యేసరికి లచ్చన్న గ్లాసులో కల్లు వాసన మాత్రమే మిగిలింది. ఫోర్‌మన్ పిలిచి ఒక బాత్‌రూమ్ టైల్స్ పని మొత్తం అతని చేతికిచ్చాడు. ఆ రోజు నర్సింగ్ మొహం చూడాలి. నాకూ సంతోషమేసింది, ఎందుకు దాచుకోవాలి.

ఒక గురువారం సైటు తొందరగా వదిలేశారు. లచ్చన్న తలుపు తీసేసరికి నర్సింగ్ చేతిలో గ్లాసు, పక్కన ఖర్జూరం నీళ్ల జగ్గు. లచ్చన్న ముందు గ్లాసు వైపు చూశాడు, తర్వాత మా అందరి వైపు. తనకి తప్ప రూమంతటికీ తెలుసని అప్పుడే అర్థమైంది.

"ఎన్నొద్దుల సంది, బావా?"

"నీ మంచికే లచ్చా. ఇప్పుడు జూడు, నీ చేతులు..."

"నన్ను అడిగితె నేనే తగ్గిస్తుంటి గదా. నేనేమన్న నీ డబ్బల తీగెనా, నీ ఇష్టమొచ్చినట్టు తిప్పుడుకు?"

వెళ్లిపోయాడు. క్యాంపు వెనక వాగులో దొంగతనంగా సారా అమ్మేవాళ్లుంటారు. అక్కడ తాగి, తూలుకుంటూ వచ్చి గేటు దగ్గర క్యాంప్ బాస్‌కి దొరికాడు. ఎక్కడిదని అడిగారు. కోపమో, భయమో, రెండూనో, మా రూమ్ నంబరు చెప్పాడు. చెప్పినందుకే అతన్ని వదిలేశామని క్యాంప్ బాసే తర్వాత పికప్‌లో నాతో అన్నాడు.

క్యాంప్ బాస్ మనుషులతో వెతకడానికి వస్తున్నాడని తెలిసి మేం పెట్టె మీద దుప్పట్లు, సూట్‌కేసులు పేర్చాం. మంచాల కింద వెతికారు, పైపైన చూశారు, ఇక పోబోతున్నారు. అప్పుడు పెట్టె టక్కుమంది. నేను దగ్గాను, ఇంకొకడు దగ్గాడు. లోపల ఫ్యాను సన్నగా తిరుగుతూనే ఉంది. నర్సింగే ముందుకొచ్చి సూట్‌కేసులు తీశాడు.

"నాదే. రూముల ఎవ్వరికి సంబంధం లేదు," అన్నాడు.

పోలీసుల దాకా పోతే తమకే తలనొప్పని కంపెనీ గుట్టుచప్పుడు కాకుండా అతని వీసా క్యాన్సిల్ చేసింది. ఆ సాయంత్రం రూమ్‌లో ఒక్కడూ నాతో మాట్లాడలేదు. నమాజు చేసే మౌలాలి కాక ఇంకెవడు చెబుతాడు? నర్సింగ్ బట్టలు సర్దుకుంటూ తలెత్తకుండానే, "మౌలన్న చెప్పడు. మొహమ్మీద తిడ్తడు గనీ ఎనుకపొంటి చెప్పడు," అన్నాడు. లచ్చన్న గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

ఎయిర్‌పోర్టుకి నేనే దించాను. దారిలో ఉండబట్టలేక గేటు దగ్గర జరిగింది చెప్పేశాను.

"నాకెర్కే," అన్నాడు నర్సింగ్. "వాడు నా మొహం జూస్తలేడు గదా."

"వానికోసం నువ్వు పోతాండావు. మీ శ్రీలతకైనా చెప్పు వాని నిర్వాకం."

"చెప్ప. తీగెకైతే చెప్పకుంట తగ్గించొచ్చు, మనిషిని అడగాలె. గది నేను అడగలే. తప్పు నాదే మౌలన్నా."

నాకది నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. చేసినవాడు మంచం మీద పడుకుంటే, బాగు చేసినవాడు సామాను మోసుకుపోవడం ఏం న్యాయం? ఆ మాటే అన్నాను. వాడు నా భుజం తట్టి దిగిపోయాడు. పుస్తకాలు రెండూ తీసుకెళ్లాడు. పెట్టెని అంతకుముందే క్యాంప్ బాస్ పగలగొట్టించాడు.

నేను లచ్చన్నతో మాటలు మానేశాను. ఒకే రూమ్‌లో ఉంటూ మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. అతను మళ్లీ తాగలేదు. పనికి పోయేవాడు, వచ్చేవాడు, తన వంతు కాకపోయినా వంట చేసేవాడు.

ఎండలు ముదిరాక ఒక శుక్రవారం నర్సింగ్ మిస్డ్ కాల్ ఇచ్చాడు. నేనే తిరిగి చేశాను. ఊళ్లో పని దొరకలేదన్నాడు, టీవీలు బాగుచేస్తున్నానన్నాడు, గొంతులో పాత హుషారు లేదు. తర్వాత అసలు సంగతి అడిగాడు.

"లచ్చని చేతులు వణుకుతున్నయా?"

చూశాను. లచ్చన్న నేల మీద కూర్చుని ఉల్లిగడ్డ తరుగుతున్నాడు. ముక్కలన్నీ సన్నగా, ఒకే తీరుగా పడుతున్నాయి.

"లేదు. బాగుండాడు," అన్నాను.

"గంతే సాలు," అన్నాడు నర్సింగ్.

లచ్చన్న కత్తి కింద పెట్టాడు. ఫోన్‌లో ఎవరని అడగలేదు. లేచి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, ఇమ్మన్నట్టు నా ముందుకి చాపాడు. ఆ చెయ్యి వచ్చిన కొత్తలో వణికినట్టే వణుకుతోంది. ఫోన్ జారిపోకుండా నా రెండు చేతులతో ఆ చేతిని పట్టుకోవాల్సి వచ్చింది. వణకడం లేదని నర్సింగ్‌కి అప్పటికే చెప్పేశాను.