మూడో గేరూ, రివర్సూ

డెబ్బైల చివర నేను తిరుపతిలో ఒక పాలిటెక్నిక్‌లో ఆటోమొబైలు పాఠాలు చెప్పేవాణ్ణి. ఆటోమేటిక్ గేర్‌బాక్సు అని పుస్తకంలో ఒక అధ్యాయం ఉండేది. బోర్డు నడుమ చిన్న పళ్ళచక్రం గీసి ఇది సూర్యుడు అనేవాణ్ణి. దాని చుట్టూ మూడు చక్రాలు గీసి ఇవి గ్రహాలు, అన్నిటినీ చుట్టేసి లోపలివైపు పళ్ళున్న పెద్ద చక్రం గీసి ఇది రింగు అనేవాణ్ణి. వీటిలో ఒకదాన్ని కదలకుండా పట్టి, ఇంకొకదాన్ని తిప్పితే మూడోది ఒక వేగంతో తిరుగుతుంది. పట్టేదాన్ని మారిస్తే వేగం మారుతుంది, ఒక్కోసారి తిరిగే దిక్కే మారుతుంది. మామూలు కారులో గేరు మార్చేది మన కాలూ చెయ్యీ. ఇందులో ఆ పని నూనె చేస్తుంది. పంపు నూనెను ఒత్తితే ఆ ఒత్తిడికి లోపలి క్లచ్చులు ఒకటొకటిగా బిగుస్తాయి. పిల్లలు రాసుకునేవాళ్ళు, మార్కులు తెచ్చుకునేవాళ్ళు. నాకూ పేరొచ్చింది. అట్లాంటి గేర్‌బాక్సును నేను కంటితో చూడలేదని మాత్రం ఎవరికీ తెలియదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో చిత్తూరు నుంచి ఒక మెకానిక్కు నన్ను వెతుక్కుంటూ వచ్చినాడు. యాభై దాటిన మనిషి. పొద్దున పాసింజరెక్కి పాకాల మీదుగా వచ్చి, మధ్యాహ్నం బెల్లు కొట్టేదాకా వరండాలో నిలబడే ఉన్నాడు. చిత్తూరు లారీ డ్రైవర్లంతా ఆయన్ని మేస్త్రి అనేవాళ్ళంట. నేనూ అట్లే పిలిచినాను.

"క్లచ్చు పెడలు లేని కారు గురించి పాఠం చెప్పేది మీరేనా సారూ?"

"నేనే."

"ఎప్పుడైనా ఇప్పి సూసినారా?"

అవునని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆయన చేతుల వైపు చూసినాను. గోళ్ళ చుట్టూ ఎన్నేండ్లు కడిగినా పోని నలుపు. "లేదు మేస్త్రీ, పుస్తకంలో చూసిందే" అన్నాను.

ఆయన నవ్వినాడు. "నేనూ ఇప్పలేదు. మీ కాడ పుస్తకముండాది, నా కాడ స్పానర్లుండాయి. ఆదివారం చిత్తూరులో మా షెడ్డుకు రాండి, బండి ఆడే ఉండాది."

ఆ కారు పలమనేరు దగ్గర ఒక పల్లెలో వైద్యం చేసే డాక్టరమ్మది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమకాలు సన్నబడిపోయింది. చంక కింద కర్ర పెట్టుకుని నడిచేది. ఆ పల్లెలో ఆమెకు ముందు పనిచేసిన విదేశీ డాక్టరు సొంత దేశానికి పోతూ తన అమెరికా కారును ఈమెకు ఇచ్చి పోయినాడంట. క్లచ్చు తొక్కే పని లేదు కాబట్టి కుడికాలు ఒక్కటి చాలు. ఆరేడేండ్లుగా ఆ కారు మీదనే చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి కాన్పులు చేసేది. ఇప్పుడది మొరాయించింది.

ఆదివారం నేను షెడ్డుకు పోయేసరికి ఆమె ముందే వచ్చి స్టూలు మీద కూర్చోనుంది. మేము ఏమీ అడగకముందే, రోగి సంగతి చెప్పినట్టు వరసగా చెప్పింది.

"ఒకటో గేరులో బాగా లాగుతాది. రెండోదీ బాగుంది. మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. పైకొచ్చి చదును రోడ్డు పడగానే మూడోది పట్టదు. ఇంజను అరుస్తాది, కారు మాత్రం కదలదు. ఆ వారంలోనే రివర్సూ పోయింది. యాడికి పోయినా వెనక్కు తీసే పని లేకుండా ఆపుకోవాల. ఒక ఊర్లో ఆవులపాక ఎదురుగా ఇరుక్కుపోతే పదిమంది నెట్టినారు."

"రెండూ ఒకే వారంలోనా?" అన్నాను.

"ఒకే వారంలో. అందుకే చెప్తున్నా."

నేను సంచిలోంచి పుస్తకం తీసినాను. ఏ గేరులో ఏ క్లచ్చు బిగుస్తుందో చూపించే పట్టిక అందులో ఉంది. అంతకాలం దాన్ని పిల్లలచేత బట్టీ పట్టించినాను గానీ, అది ఎందుకు పనికొస్తుందో ఆరోజే తెలిసింది. ఒకటికీ రెండుకీ అక్కరలేకుండా మూడుకీ రివర్సుకీ మాత్రం కావలసిన క్లచ్చు ఒకటే ఉంది. వేలు పెట్టి చూపించినాను. మేస్త్రి పట్టికను కిందికీ పైకీ చూసి, "అయితే రోగం యాడుండాదో ఈమే చెప్పేసింది. కోసేది మాత్రం మనం" అన్నాడు.

గేర్‌బాక్సు దించడానికి మధ్యాహ్నం దాటింది. కింద ట్రే విప్పగానే నల్లటి నూనె, మాడిన పోపు వాసన. ఎర్రగా ఉండవలసిన నూనె అది. ట్రే పైన ఒక ఇనుప పలక, దాని నిండా మెలికలు తిరిగిన కాలవలు. వేగాన్ని బట్టి నూనె ఏ దారిన పోవాలో తేల్చేది ఆ కాలవల్లో జరిగే చిన్న చిన్న వాల్వులు.

"అబ్బా! ఇది ముగ్గు గదా సారూ" అన్నాడు మేస్త్రి. చాలాసేపు దాన్ని తాకకుండా చూసినాడు. తర్వాత ఒక్కో వాల్వునూ, స్ప్రింగునూ తీసి, తెల్లగుడ్డ మీద తీసిన వరసలోనే పరిచినాడు.

ఆ క్లచ్చును విప్పితే సంగతి తేలిపోయింది. నూనె ఒత్తిడికి ముందుకు జరిగి క్లచ్చు పలకల్ని బిగించే పిస్టను ఒకటుంటుంది. దాని చుట్టూ ఉండే రబ్బరు సీలు గోరుతో నొక్కితే పెచ్చులూడేంత గట్టిపడిపోయింది. నూనె సందుల్లోంచి కారిపోతుంటే బిగువెక్కడిది? బిగువు చాలక పలకలు జారి జారి మాడిపోయినాయి.

సీళ్ళ సంగతి మేస్త్రి చూసుకున్నాడు. కాట్పాడి దాటినాక రబ్బరు అచ్చులు పోసే మనిషి ఒకాయన తెలుసంట. పాతవి చూపించి, నూనెకు తట్టుకునే రబ్బరుతో కొత్తవి పోయించుకొచ్చినాడు. పలకలే దొరకవు. దానికీ ఆయనే దారి కనిపెట్టినాడు.

"మోటారు సైకిలు క్లచ్చు గూడా నూనెలో తడస్తానే పట్టుకుంటాది గదా సారూ. దాంట్లో ఉండేది కార్కు. మనమూ కార్కే అంటిద్దాం."

మాడిపోయింది గీకేసి, ఇనుప పలకల మీద సన్నటి కార్కు అంటించి, రెండు రోజులు బరువు కింద ఉంచినాడు. ఒక్కో పలకనూ గాజు మీద పెట్టి చదును చూసుకున్నాడు. అంత మంచి ఆలోచన ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

తిరిగి అమర్చే ఆదివారం, ఆ క్లచ్చు నేనే అమరుస్తానన్నాను. నాలుగేండ్లుగా బోర్డు మీద గీస్తున్నది ఒక్కసారైనా చేతులతో చెయ్యాలని కోరిక. మేస్త్రి మారుమాట లేకుండా ఇచ్చేసినాడు. కొత్త సీలు తొడిగి పిస్టను నొక్కితే ఏ అడ్డమూ లేకుండా జారి కూర్చుంది. ఎంత బాగా అమరిందో అని మురిసిపోయినాను.

సాయంత్రం డాక్టరమ్మ నడిపితే వెనక సీట్లో మేమిద్దరం కూర్చున్నాం. ఒకటి, రెండు. మూడో గేరు ఒక్క క్షణం పట్టింది. జారింది. మళ్ళీ పట్టింది. ఆ తర్వాత ఇంజను అరుపు తప్ప ఏమీ లేదు. రివర్సు అసలే లేదు. రెండో గేరులోనే తిరిగొస్తే షెడ్డు పక్కన నలుగురూ చేరినారు. "అమెరికా బండికి సీసా బిరడాలు అంటించినావా మేస్త్రీ?" అని ఒక లారీ డ్రైవరు నవ్వినాడు. డాక్టరమ్మ కర్ర పట్టుకుని బస్టాండు దిక్కు నడిచింది. మేస్త్రి నాతో "కార్కు తట్టుకోలేదు సారూ, నాదే తప్పు" అన్నాడు. పుస్తకంలో కార్కు లేదు కాబట్టి, నేనూ నిజంగానే అట్లే అనుకున్నాను.

మంగళవారం తరగతిలో అదే పాఠం వచ్చింది. పిస్టను బొమ్మ గీసి, సీలు ఎట్లా పనిచేస్తుందో చెప్పడానికి సైకిలు పంపు సంగతి ఎత్తుకున్నాను. పంపు లోపల తోలు వాషరు గిన్నెలాగా ఉంటుంది. గిన్నె నోరు గాలివైపు ఉంటే, గాలి ఒత్తే కొద్దీ అంచులు విచ్చుకుని గోడలకు అతుక్కుంటాయి. ఈ సీలూ అంతే, దీని అంచు, అంటే పెదవి, నూనెవైపు ఉండాలి అన్నాను.

వెనక బెంచీలో ఒకడు లేచినాడు. "సార్, తిరగేసి పెడితే?"

"తిరగేస్తే ఒత్తిడికి పెదవి ముడుచుకుంటుంది. నూనె పక్కనించి కారిపోతుంది. అమర్చేటప్పుడు మాత్రం సులువుగా జారిపోతుంది, ఎందుకంటే పెదవి ఎక్కడా తట్టుకోకుండా వెనక్కి వాలి..."

చేతిలో సుద్దముక్క అట్లే ఉంది. ఆదివారం పిస్టను ఎంత సులువుగా జారిందో నా వేళ్ళకు గుర్తొచ్చింది. మిగతా పాఠం ఏం చెప్పినానో ఇప్పుడు జ్ఞాపకం లేదు.

షెడ్డు పక్క పెట్రోలు బంకులో ఫోనుందని నాకు తెలుసు. కాలేజీ ఆఫీసులోనూ ఒకటుంది. బుధవారం ఆ గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చినాను. ఆదివారం ఎట్లాగూ పోతాను గదా, ముఖాముఖి చెప్పడమే మర్యాద అని సర్దిచెప్పుకున్నాను. అది మర్యాద కాదు. పుస్తకం పట్టుకుని పోయిన సారు చెయ్యి తప్పిందని నలుగురిలో తెలియడం ఇంకో నాలుగు రోజులు ఆగితే బాగుండునని నా ఆశ.

ఆదివారం పొద్దున్నే పోతే మేస్త్రి గోనెసంచి విప్పుతున్నాడు. ముఖం ఎండకు కమిలిపోయి ఉంది, కళ్ళల్లో మాత్రం సంతోషం.

"మద్రాసు పోయినా సారూ. పుదుపేట పాతసామాన్ల అంగళ్ళలో రెండు దినాలు తిరిగినా. కడాకు ఒక మూల, ముక్కలు చేసిన అమెరికా కారొకటి కనపడింది. దాని కడుపులో ఉండాయి ఇవి." పలకలు ఒక్కోటీ తీసి నా చేతిలో పెట్టినాడు. నిజమైన పలకలు, పెద్దగా అరిగినవి కూడా కావు.

"మేస్త్రీ, తప్పు కార్కుది కాదు. సీలు నేను తిరగేసి పెట్టినాను" అన్నాను.

ఆయన చేతులు సంచిలోనే ఆగిపోయినాయి. "ఎప్పుడు తెలిసింది?"

"మంగళవారం."

"నేను బుధవారం మద్రాసు బస్సెక్కినా." సంచి పక్కకు నెట్టినాడు. "బంకులో ఫోనుండాది గదా."

"ఉంది."

"తప్పు ఎవురైనా చేస్తారు. నా చేతిలో ఎన్ని పాడైపోయినాయో లెక్కలేదు. తెలిసి అయిదు దినాలు ఊరకుంటివే! ఊరంతా నన్ను బిరడాల మేస్త్రి అంటా ఉంటే..." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ రోజంతా పనికి అవసరమైన మాటలే మాట్లాడినాడు. విప్పి చూస్తే సీలు నేను చెప్పినట్టే తిరగబడి ఉంది. కార్కు నల్లగా మాడింది. పలకలు జారితే ఏదైనా మాడుతుంది, పుదుపేట పలకలైనా అంతే. సరైన సీలుతో ఆ కార్కు ఎన్ని మైళ్ళు నిలిచేదో ఎవరూ చెప్పలేరు. ఆ పరీక్ష జరగకుండా చేసింది నేను.

సీలు ఈసారి ఆయనే పెట్టినాడు. పెదవి మడతపడకుండా సన్నటి తీగతో చుట్టూ సవరిస్తూ లోపలికి దించడానికి అరగంట పైనే పట్టింది. గేర్‌బాక్సు పైకెక్కించే ముందు, "ఉండు సారూ, ఊది సూద్దాం" అని, టైర్లకు గాలి కొట్టే గొట్టం తెచ్చి నూనె దారిలో పెట్టినాడు. లోపల 'టప్' మని పిస్టను బిగిసింది. గాలి తీసేస్తే వదిలింది. అట్లా పరీక్ష చెయ్యొచ్చని నేను చదవనే లేదు. మూడుసార్లు ఊదినాడు. మూడోసారికి నా దిక్కు చూసినాడు.

డాక్టరమ్మ వచ్చినాక ఆమెకూ నేనే చెప్పినాను. "మేస్త్రికి చెప్పినారా?" అంది. చెప్పినానన్నాను. "అడిగినవాళ్ళకంతా కార్కు వల్లనే అని చెప్పుకుంటా వచ్చినా. ఇంక మార్చి చెప్పాల" అని, కర్ర సీటు పక్కన పెట్టి కారెక్కింది.

పలమనేరు రోడ్డులో ఊరు దాటినాక ఇంజను శబ్దం ఒక మెట్టు దిగింది. మూడో గేరు పడింది. మళ్ళీ ఎక్కడ జారిపోతుందో అని ముగ్గురమూ ఆ శబ్దానికే చెవులు అప్పగించినాం. నాలుగు మైళ్ళు పోయినాక రోడ్డు పక్క కారు ఆపి, రివర్సు వేసి, ఏ అవసరమూ లేకుండా చాలా దూరం వెనక్కి నడిపింది. మెడ తిప్పి వెనక్కి చూస్తూ నవ్వుతూనే ఉంది. ఎదురుగా వస్తున్న ఎద్దులబండి మనిషి బండి దిగి మరీ చూసినాడు.

ఆ కారు ఇంకో ఆరేండ్లు ఆ పల్లెల్లో తిరిగింది. తర్వాత ఆమెకు చేతితోనే క్లచ్చు నొక్కేటట్టు చిన్నకారు ఒకటి మేస్త్రే మార్చిచ్చినాడు. మేస్త్రికి నాతో మామూలు మాటలు పడడానికి నెలలు పట్టింది. నేను పోతూనే ఉన్నాను. ఆదివారాలు షెడ్డులో కింద పడుకుని నట్లు విప్పడం నేర్చుకున్నాను. ఒకరోజు తన చాయిలో సగం నా గ్లాసులో పోసినాడు. అప్పటినుంచి మామూలే.

కారు బాగైన మరుసటి ఏడు ఆ అధ్యాయం వచ్చినప్పుడు, ప్రిన్సిపాలును ఒప్పించి మేస్త్రిని కాలేజీకి పిలిపించినాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చినాడు. పుదుపేట నుంచి ఇంకో పాడైన గేర్‌బాక్సు తెప్పించుకున్నాడు, దాన్ని బల్ల మీద పెట్టి విప్పుతూ చెప్పినాడు. పిల్లలు బెంచీలెక్కి చూసినారు. నేను వెనక నిలబడినాను. సీలు దగ్గరికొచ్చి, "దీన్ని ఒకసారి మేము తిరగేసి పెట్టి, కారును రోడ్డు మీద నిలబెట్టినాం" అన్నాడు.

"మేము కాదు, నేను" అన్నాను వెనకనుంచి. పిల్లలంతా ఇటు తిరిగినారు.

"కూర్సోండి సారూ, ఈ దినం పాఠం నాది" అని, మేస్త్రి ఆ సీలును ముందు బెంచీ పిల్లవాడి చేతికిచ్చి, పెదవి ఎటుందో చెప్పమన్నాడు.