చుక్క పెట్టని కవరు

ఆ డిస్కు నా షాపుదే. ఇరవై ఏళ్ళ కిందట నలుగురు మనుషులు నా కౌంటరు ముందు నిలబడి అడిగినప్పుడు నేను చెప్పవలసిన మాట అదొక్కటే. చెప్పలేదు.

అప్పట్లో నర్సీపట్నంలో సినిమా సీడీలు అద్దెకిచ్చేవాణ్ణి. ఆ ఏడు వేసవికి ముందు ఒక కామెడీ సినిమా వచ్చింది. హీరో తువ్వాలు ఊడిపోవడం, కడుపుబ్బరం పట్టిన మామగారు పెళ్ళిచూపుల్లో కూర్చోవడం, మిగతాదంతా నలుగురిలో పలకలేని మాటలు. హాల్లో వారం కూడా ఆడలేదు. లోపలికి వెళ్తుంటే తెలిసినవాళ్ళు చూస్తారేమోనని అందరికీ భయం. సీడీగా వచ్చాక మాత్రం అదే సినిమా కోసం నా షాపు ముందు తచ్చాడని మగాడు లేడు.

ఎవరూ దాని పేరు పలికేవారు కాదు. "భక్తి సినిమా ఏదైనా ఇయ్యి" అని కవరు మూల వైపు చూసేవారు. భక్తి సినిమాల కవర్లలో ఆ డిస్కులు పెట్టి, మూలన బాల్‌పెన్నుతో చిన్న నీలం చుక్క పెట్టేవాణ్ణి. దారిలో ఎవరి కంట పడినా చేతిలో ఉన్నది దేవుడి బొమ్మే కదా. నా మిగతా డిస్కులన్నిటి మీదా షాపు స్టిక్కరు ఉండేది. వీటి మీద అతికించేవాణ్ణి కాదు. ఈ ఏర్పాటు నాకు చాలా తెలివిగా అనిపించేది.

బస్టాండు దగ్గర సందులో మిషను పెట్టుకుని బట్టలు కుట్టే మాస్టారు ఒకాయన ఉండేవారు. ఒంటరి మనిషి. చర్చిలో పిల్లలకి ఆదివారం పాఠం చెప్పడమే తన అసలు పని అనీ, కుట్టుపని మిగతా ఆరు రోజులూ పొద్దు గడవడానికనీ అనేవారు. వేసవి సెలవుల్లో పిల్లలకి పదిరోజుల బైబిలు తరగతులు పెట్టి, ఆఖరి సాయంత్రం ఏసుప్రభువు సినిమా వేద్దామని ఆ రోజు పొద్దున్నే నా దగ్గరికి వచ్చారు. కవరు తీసిచ్చాను. తెరిచి చూడలేదు. మూలన చుక్క లేదు కాబట్టి చూడక్కర్లేదనుకున్నాను.

సాయంత్రం అయిదు దాటాక ఒకాయన వచ్చి భక్తి సినిమా అడిగాడు. కిందటి రాత్రి వెనక్కి వచ్చిన కవరు కోసం వెతికాను. లేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ వారం కవర్లు చాలక ఏసుప్రభువు సినిమా కవరు వాడాను. చుక్క పెట్టడం మరిచిపోయాను. సొరుగు లాగితే ఏసుప్రభువు సినిమా డిస్కులు రెండూ అక్కడే ఉన్నాయి.

వాటిని చొక్కాలో దోపుకుని సైకిలెక్కాను. చర్చి గేటు చేరేసరికి లోపల పిల్లలు పాటలు పాడుతున్నారు. కిటికీలోంచి మాస్టారు కనిపించారు. అద్దెకి తెచ్చిన టీవీకి వైరు పెడుతున్నారు. గేటు దగ్గర ఒక సంఘ పెద్ద నిలబడి ఉన్నారు.

"ఏటి బాబూ, ఇలాగొచ్చేవు?"

డిస్కులు పొట్టకి ఒత్తుకుంటున్నాయి. ఆయన చేతికిచ్చి పొరపాటైందంటే సరిపోయేది. కానీ ఏం పొరపాటు అంటారు. కవర్ల సంగతి బయటపడుతుంది. అడిగి పట్టుకెళ్ళినవాళ్ళంతా బయటపడతారు. షాపు మూసుకోవాలి.

"ఊరికే అండి, ఇటు పనుండి" అన్నాను. సైకిలు తిప్పాను.

మలుపు దాటలేకపోయాను. పాట ఆగింది. కాసేపటికి ఆ సినిమా మొదటి డైలాగు గోడ మీదుగా వినిపించింది. పిల్లలు గట్టిగా నవ్వారు. తర్వాత ఒక ఆడమనిషి కేక, బెంచీలు జరిపిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.

మర్నాడు పొద్దున్న ముగ్గురు పెద్దలు మాస్టారిని వెంటబెట్టుకుని వచ్చారు. కవరూ డిస్కులూ కౌంటరు మీద పెట్టారు. అడిగింది గేటు దగ్గరాయనే. అంతకు ముందు వారమే ఆయన నా దగ్గర చుక్క కవరు పట్టుకెళ్ళారు. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఆయన నా మొహం చూడలేదు, కవరు మూలే చూస్తున్నారు.

"ఇది నీ షాపుదా, కాదా?"

కాదనమన్నట్టే అడిగారు.

"మా డిస్కు మీద స్టిక్కరుంటాదండి. దీనికి లేదు కదా" అన్నాను. అందులో అబద్ధం లేదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను.

మాస్టారు ఒక్కటే అడిగారు. "మరైతే నా దగ్గరికెలాగొచ్చింది బాబూ?"

నేను సీడీ కోసం వచ్చిన ఇంకొకాయన వైపు తిరిగాను.

ఆయన చేతిలోంచి పిల్లల తరగతి తీసేశారు. ఒంటరి మనిషి, ఇంట్లో ఏం చూస్తాడో ఎవరికి తెలుసు అన్నారు. అప్పట్నుంచి చర్చిలో ఆయన ఆఖరి బెంచీలో కూర్చునేవారు.

సీడీలు పోయాయి. అదే షాపులో ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నాను. ఈ మధ్య ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఒకావిడ చిన్నపిల్లని సందు మొదట్లోనే నిలబెట్టి వచ్చింది. కొలతకి పాత గౌను ఇచ్చి వెళ్ళిపోయింది. పిల్లని వెంట తెచ్చింది కదా, పిలిచి కొలత తీసుకోవచ్చుగా అన్నాను.

"పిల్లల్ని నా కాడికి తేరు బాబూ. పాత గౌనే ఇస్తారు. ఈవిడ కూడా నా సండే స్కూలు పిల్లే."

ఆయన మామూలుగానే చెప్పి టేపు తీశారు. అక్కడున్న స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పాను, చుక్క దగ్గర్నుంచి సైకిలు దాకా. ఆయన టేపు చుట్టి పక్కన పెట్టారు.

"ఆ రోజు గేటు కాడికొచ్చేవని సెప్పేరు" అన్నారు. "ఎందుకొచ్చేడో, ఎందుకెల్లిపోయేడో అని ఇన్నేళ్ళూ అనుకున్నాను."

క్షమించమని చేతులు పట్టుకోబోయాను. వెనక్కి తీసుకున్నారు.

"నాకెందుకు సెప్తావు? నా తప్పు లేదని నాకు తెల్దేటి? ఆళ్ళకి సెప్పు."

ఆ ఆదివారం చర్చికి వెళ్ళాను. నేను ఆ సంఘం మనిషిని కాను. సంఘంలోవాళ్ళు లేచి సాక్ష్యాలు చెప్పే సమయంలో ఒక్కమాట చెప్పుకుంటానని పాస్టరు అయ్యగార్ని ముందే అడిగాను. ముందు వరసలో గేటు దగ్గరి పెద్దాయన, ఇప్పుడు చేతికర్రతో, నన్ను చూడగానే కర్ర గట్టిగా పట్టుకున్నారు. ఆయన పట్టుకెళ్ళిన కవరు మాట నేను ఎత్తలేదు. ఎత్తకూడదని ముందే అనుకున్నాను. గౌను తెచ్చినావిడ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఉంది. మాస్టారు ఆఖరి బెంచీలో తల దించుకుని కూర్చున్నారు. మైకు పట్టుకున్నాక రాసుకొచ్చిన కాగితం మీద అక్షరాలు కనపడలేదు, చూడకుండానే చెప్పాను.

"ఇరవై ఏళ్ళ కిందట పిల్లల తరగతుల ఆఖరి రోజున మీరు చూసిన ఆ సినిమా నా షాపుదండి. కవర్లో పెట్టింది నేను. మాస్టారికేం తెలీదు. ఆపుదామని గేటు దాకా వచ్చి, నా షాపు కోసం వెనక్కెళ్ళిపోయాను. అడిగితే కాదన్నాను. మీ పిల్లల్ని ఆయన దగ్గరికి పంపకపోవడానికి కారణం నేనే. మాస్టారూ, తప్పు నాది. నన్ను క్షమించండి."