గంధం పూసిన కారు

మా బావమరిది నా కారు పాడుచేయలేదు. మా అత్తవారింట్లో ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మడం లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఆ కారుకి క్రూజ్ కంట్రోల్ ఉంది. పెడల్ మీద నుంచి కాలు తీసేసినా అదే వేగంతో పోతుంది. ముందు బండి అడ్డొస్తే తనే నెమ్మదిస్తుంది. మా కాలవగట్టు రోడ్ల మీద, గేదెలకీ ఆరబోసిన ధాన్యానికీ మధ్య, దాన్ని వాడే యోగం నాకు పట్టలేదు. ఉందని చెప్పుకోవడానికే కొన్నాను.

దసరాకి రాజమండ్రిలో మా ఇంటి ముందే బండికి పూజ చేశాం. మా ఆవిడ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నంబరు ప్లేటు పైన నల్లటి పలక ఒకటి బోసిగా కనిపిస్తే, నేను దాని నిండా గంధం దట్టంగా మెత్తి, మధ్యలో కుంకుమ పెట్టాను.

ఆ సాయంత్రమే మా బావమరిది ఆ కారు తీసుకుని మా అత్తవారి ఊరు మొగల్తూరు వెళ్లాడు. ఆ ఇంట్లో పెళ్లిళ్లకీ ఆసుపత్రులకీ అందరినీ తిప్పేది అతనే. డ్రైవింగులో అతన్ని మించినవాడు లేడని పేరు. మర్నాడు కారు తెచ్చేసరికి క్రూజ్ కంట్రోల్ హెచ్చరిక లైటు పసుప్పచ్చగా వెలుగుతోంది.

“ఏం నొక్కావు బావా?”

“హారను తప్ప ఏమీ నొక్కలేదండి బావగారూ.”

నేను ఊరుకోలేదు. అత్తగారింట్లో అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు, “చేపల చెరువు గట్ల మీద తోలే చేతికి ఇలాంటి బండి ఇవ్వకూడదు” అన్నాను. అందరూ నవ్వారు. అతను సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ప్రయాణాలకి బయటి డ్రైవరుని పిలవడం మొదలైంది.

కొన్నాళ్లకి వానలో గోదావరి వంతెన దాటుతుంటే లైటు దానంతటదే ఆరిపోయింది. దిగి చూస్తే బంపరు మీద గంధం చారలు కట్టి ఉంది. నల్లటి పలక కడిగినట్టుంది. అప్పుడు మాన్యువల్ తెరిచాను. ముందున్న బండిని కనిపెట్టేది ఆ పలకేనట.

“కారు కళ్లూ మూశారు, మా తమ్ముడి నోరూ మూశారు. వెళ్లి చెప్పండి” అంది మా ఆవిడ.

మళ్లీ అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు చెప్పాను. మా అత్తగారు కళ్లు ఒత్తుకున్నారు.

“ఎంత మనసండీ అల్లుడుగారిది! వాడి తప్పు నెత్తిన వేసుకుంటున్నారు. గంధం పూస్తే బండి పాడవుతుందా ఎక్కడైనా?”

నాకు ఇంకో బొబ్బట్టు వడ్డించారు. బావమరిది వైపు చూడను కూడా చూడలేదు.

ఇక రుజువు చేయాల్సిందే అనుకున్నాను. అందరి ముందూ గంధం కలిపి పలక మీద మెత్తాను. బావమరిదిని స్టీరింగు ముందు, అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టాను. పెద్ద రోడ్డెక్కిన కాసేపటికి లైటు వెలిగింది.

“చూశారా అత్తయ్యగారూ!”

“చూస్తూనే ఉన్నానండి. పొద్దున మీరు తెచ్చినప్పుడు బాగానే ఉంది కదా. వీడు చెయ్యి వేశాడు, వెలిగింది.”

బావమరిది కారు పక్కకి తీసి ఆపాడు. స్టీరింగు మీద తల ఆనించి చాలాసేపు నవ్వాడు.

“బావగారండీ, మీకో దణ్ణం. ఇంక నా తరఫున మాట్లాడకండి. ఉన్న కాస్త పరువూ పోయేలా ఉంది.”

నన్ను నడపమని దిగబోయాడు. నేను ఒప్పుకోలేదు. ఇంటిదాకా అతనే నడిపాడు. వెనక నుంచి మా అత్తగారు, “మెల్లిగా పోనివ్వరా, అల్లుడుగారి బండి” అంటూనే ఉన్నారు.