పైడిరాజు గైడ్ ట్రాక్

కరోనా లాక్‌డౌన్లు ముగిసిన తర్వాతి చలికాలంలో నేను జంషెడ్‌పూర్ గోల్‌మురిలోని ఒక ప్రైవేటు రికార్డింగ్ స్టూడియోలో సీనియర్ సౌండ్ ఇంజనీరుని. సీనియర్ అంటే గొప్పేమీ కాదు. నా కింద ఒక అసిస్టెంటు, నా పైన యజమాని. చర్చి పాటల నుంచి పూజా పందిళ్ల పాటల దాకా ఏదొస్తే అది రికార్డు చేసేవాళ్లం.

పైడిరాజు అక్కడికి రెండు దశాబ్దాలకు పైగా వస్తున్న ర్యాప్ రచయిత. ఉండేది భుయ్యాడీహ్‌లో. ఉక్కు మిల్లులో కాంట్రాక్టు రిగ్గరు, అంటే క్రేను కొక్కేనికి సరుకు కట్టే పని. షిఫ్టు దిగి, హెల్మెట్టు సైకిలు హ్యాండిల్‌కి తగిలించుకుని వచ్చేవాడు. ఈ ఊరి తెలుగు కుర్రాళ్లు పాడిన ర్యాప్ పాటల్లో పేరొచ్చినవి చాలావరకు అతను రాసినవే. పోస్టరు మీద మాత్రం పాడినవాడి బొమ్మే ఉండేది.

మా పనిలో గైడ్ ట్రాక్ అని ఒకటుంటుంది. అసలు గాయకుడికి పాట నడక తెలియడానికి ముందుగా ఎవరో ఒకరు పాడిపెట్టేది. జంషెడ్‌పూర్‌లో దాని అవసరం మరీ ఎక్కువ. ఇక్కడి కుర్రాళ్లు ఇంట్లో తెలుగు వింటారు, జవాబు హిందీలో చెబుతారు. తెలుగు మాట ఎక్కడ విరిచి పలకాలో వాళ్లకి వినిపించి నేర్పాల్సిందే. పైడిరాజు చరణం మొత్తం గుక్క తిప్పుకోకుండా ఒకే టేకులో పాడేవాడు. కుర్రాళ్లు హెడ్‌ఫోన్లో అది వింటూ పాదానికోసారి ఆగి పాడి అతుకులు వేయించుకునేవారు. పని పూర్తయినా, పాట మధ్యలో ఆగిపోయినా గైడ్ చెరిపేయాలి. మొదట్లో టేపు కోసం, తర్వాత డిస్కులో చోటు కోసం పెట్టుకున్న నియమం అది. ఆ కుర్రాళ్లలో ఒక్కడు కూడా స్టేజీ ఎక్కి అతని పేరెత్తలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ చలికాలంలో హైదరాబాదు నుంచి ఒక మ్యూజిక్ కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. లాక్‌డౌన్‌కి ముందు ఆగిపోయిన ఒక పాట గైడ్‌ని ఎవరో మా స్పీకర్ల దగ్గర ఫోన్లో పట్టారట, అది తిరిగి తిరిగి ఆయన చెవిన పడింది.

సైరనుకి లెగిసేడు మా తాత, సైరనుకి తిన్నాడు మా అయ్య,
సైరనూ ఆళ్లదే, పొద్దూ ఆళ్లదే, సెవులొక్కటే మావి.

రాసినవాడే పాడాలి, ఈ గొంతే కావాలి అన్నాడాయన. ఫోన్ ముక్క విడుదలకి పనికిరాదు కాబట్టి అసలు ట్రాక్ పంపమన్నాడు. అది నియమం ప్రకారం ఎప్పుడో చెరిగిపోయింది. మళ్లీ పాడించి పంపుతామని చెప్పాను.

పైడిరాజుకి ఈ సంగతి చెబితే కాసేపు నమ్మలేదు. "ఒక్కటి సాలు మాస్టారూ. నా పేరుతోటి, నా గొంతుతోటి ఒక్కటి," అన్నాడు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఫ్యాను ఆపించాను, అందరి ఫోన్లూ బయట పెట్టించాను. రెండో పాదం దాటకముందే దగ్గు వచ్చి ఆగిపోయాడు. మెట్లెక్కి వచ్చి గోడకి ఆనుకుంటుంటే వయసనుకున్నాను గానీ, కరోనా అతని ఊపిరితిత్తుల్ని ఏం చేసిందో అప్పుడే తెలిసింది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ ఆగాడు. "గుక్క సాల్లేదు మాస్టారూ," అన్నాడు.

పంచ్-ఇన్ చేద్దామన్నాను. ఆగిన చోటు నుంచి మళ్లీ రికార్డు చేసి అతికించడాన్ని అలా అంటాం. ఇన్నేళ్లలో ఎన్నడూ దానికి ఒప్పుకోనివాడు ఆ రోజు తలూపాడు. పాదం పాదం పట్టాం. మాటలన్నీ సరిగ్గానే పడ్డాయి, పాటలో మాత్రం ప్రాణం లేదు. అది మా ఇద్దరికీ తెలుసు. అయినా పంపాను.

సాహిత్యం చాలా బాగుంది, గొంతుకి కుర్రాడెవరినైనా చూడండి అని జవాబొచ్చింది. ఆ మాట అతనికి చెప్పాల్సింది నేనే, చెప్పాను. సోనారి నుంచి ఒక కుర్రాడు కుదిరాడు. వచ్చీ రాగానే "అంకుల్, పహ్లే గైడ్ సునా దీజియే నా," అని ముందు గైడ్ వినిపించమన్నాడు. వాడి తప్పేమీ లేదు, అందరూ అడిగేదే. పైడిరాజు మైకు ముందు నిలబడి, పాదానికోసారి ఆగి ఊపిరి పీల్చుకుంటూ, తన పాటకి వాడి కోసం గైడ్ పాడాడు.

ఫైనల్ మిక్స్ వెళ్లిన రోజు నేను ఆ గైడ్ చెరపలేదు. ఇదొక్కటైనా ఉంచుదామనుకున్నాను. పైడిరాజు తెర మీద దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు.

"తుడిసీండి మాస్టారూ. అందులో ఉన్నోడు నాను కాదు," అన్నాడు.

అతను చూస్తుండగా చెరిపాను. పాట విడుదలై కుర్రాడికి పేరొచ్చింది. పైడిరాజు మళ్లీ స్టూడియోకి రాలేదు, కొత్త పాటా రాయలేదు. నా ఉద్యోగం నాకు నేర్పింది ఇదే: గొంతు బాగున్న రోజుల్లో దాన్ని దాచమని ఎవరూ అడగరు, అడిగే నాటికి చెరపాల్సిందే మిగులుతుంది.