వాపస్ తీసుకున్న సవరణ

పెద్దల సభకు నన్ను ఎవరూ ఎన్నుకోలేదు. గవర్నరుగారు నామినేట్ చేశారు. గొర్రెలు, మేకలు కాచే ఇళ్ల పిల్లల కోసం కొల్లాపూర్‌లో హాస్టలు నడిపిన బడిపంతులిని నేను. సంఘసేవ అనే ఖానాలో ఎవరో నా పేరు రాశారు. రాష్ట్రంలో శాసన మండలి కొత్తగా పెట్టిన రోజులవి. మా ఊళ్లో ఈ సంగతి ఎవరికీ అర్థం కాలేదు. "మేం ఓటెయ్యకనే నువ్వెట్ల గెలిచినవ్?" అని అడిగారు. మా బాపు మాత్రం ఆ చర్చలోకి దిగలేదు. నేను ఊరికి పోయినప్పుడల్లా, చెప్పులు విడవకముందే ఒక్కటే అడిగేవాడు. "గీసారి ఏం మాట్లాడినవ్ బిడ్డా?" నేను చెప్పింది విని, మరునాడు మంద దగ్గర తోటి కాపరులకు రెండింతలు చేసి చెప్పేవాడు.

సభలో నా పక్క కుర్చీ ఒక ముసలి వకీలుగారిది. అక్కడి మర్యాదలన్నీ నాకు ఆయనే నేర్పారు. బిల్లులో ఏదైనా నచ్చకపోతే సవరణ ఇవ్వాలి. దాని మీద మాట్లాడాలి. మంత్రిగారు లేచి, గౌరవ సభ్యుల సూచనను నిబంధనలు తయారు చేసేటప్పుడు పరిశీలిస్తామంటారు. అప్పుడు మనం లేచి, "మంత్రిగారి హామీ దృష్ట్యా నా సవరణను ఉపసంహరించుకుంటున్నాను" అనాలి. అందరూ బల్లలు చరుస్తారు. "పట్టుబట్టి ఓటింగు అడిగితే ఎలాగూ ఓడిపోతావు, పైగా మొరటువాడివని పేరు" అన్నారు వకీలుగారు. ఆ పేరంటే నాకు చచ్చేంత భయం. ఖద్దరు చొక్కాలోంచి కూడా గొంగడి వాసన వస్తుందేమోనని అనుమానపడే మనిషిని. బడి బెంచీల మీద, గ్రంథాలయాల మీద, మంచినీళ్ల బావుల మీద ఎన్నో సవరణలు ఇచ్చాను. అన్నీ మర్యాదగా వెనక్కి తీసుకున్నాను.

ఆ తరువాత అడవుల బిల్లు వచ్చింది. మేకలు చిగురు మిగల్చవు కాబట్టి వాటిని అడవిలోకి రానివ్వకూడదని అందులో రాశారు. మా వైపు ఎండాకాలం చేలల్లో గడ్డిపరక ఉండదు, కుంటలు పగుళ్లు తేలతాయి. మందలు అడవిని దాటి కృష్ణ ఒడ్డుకు చేరితేనే బతుకుతాయి. మా తాత తోలిన దారినే మా బాపు తోలేవాడు. నేను ఇచ్చిన సవరణ ఒక్కటే. ఎండలు ముదిరిన రెండు నెలలు పాత దారిన మందలు ఏటికి పోవచ్చు. అంతకంటే ఏమీ అడగలేదు.

ఆ రోజు బాగానే మాట్లాడాను. దాహమైన మేకపిల్ల ఎలా అరుస్తుందో చెప్పాను. ఒకరిద్దరు నవ్వారు, ఎగతాళికి కాదు, బాగుందని. మంత్రిగారు లేచారు. మంచి మనిషే. పరిశీలిస్తామన్నారు. వకీలుగారు నా మోచేయి తాకారు. నేను లేచాను, నా నోరు ఆ వాక్యం చెప్పింది, బల్లలు మోగాయి, కూర్చున్నాను. టీకి లేచేదాకా తప్పు చేశానని అనిపించలేదు. నిజం చెప్పాలంటే టీ తాగాక కూడా అనిపించలేదు.

ఊరికి పోతే బాపు ఎప్పటిలాగే అడిగాడు.

"మన దారి గురించి మాట్లాడిన బాపూ."

"ఏమన్నరు?"

"మంత్రి మాటిచ్చిండు."

ఆయన ముఖం విప్పారింది. మా వాళ్ల అంగట్లో మేకల బేరమంతా మాట మీదే నడుస్తుంది. చేతిలో చెయ్యి వేసి మాట అన్నాక కాగితం అడిగినవాడిని మనిషిగా చూడరు. "మంత్రి మాటిచ్చినంక ఇంకేం ఫికర్?" అన్నాడు. మాట ఇవ్వడానికీ పరిశీలిస్తామనడానికీ తేడా నాకు తెలుసు. ఆయన సంతోషం చూసి ఊరుకున్నాను. సవరణ వెనక్కి తీసుకున్న సంగతి కూడా చెప్పలేదు. చెప్పాల్సింది.

తరువాత నిబంధనలు అచ్చయి వచ్చాయి. ఆ కట్ట హైదరాబాదులో నా గది బల్ల మీద చాలా రోజులు పడి ఉంది. నేను దారం కూడా విప్పలేదు.

ఆ ఎండాకాలం బాపు మందను తోలుకుని పాత దారిన పోయాడు. సమావేశాలు జరుగుతుండగా లాబీలో మా ఊరి మనిషి ఒకడు నాకోసం నిలబడి ఉన్నాడు. అడవి శాఖ జంగ్లాతోళ్లు మేకలను పట్టి బందెల దొడ్డిలో పెట్టారని, మేకపిల్లలు మాత్రం అడవి అంచున మంద దిగిన చోట గంపల కిందే ఉన్నాయని చెప్పాడు. ఆ పసివి తల్లి పాలు తప్ప ఏమీ ఎరగవు. బాపు వాళ్లతో, "మా కొడుకు పెద్దల సభల ఉన్నడు, మంత్రి మాటిచ్చిండు" అన్నాడట. కాగితం చూపించమన్నారట.

నేను వెంటనే బయలుదేరి ఉండాల్సింది. నా వంతు దగ్గర పడింది. లోపలికి పోయి గ్రంథాలయాల గురించి మాట్లాడి వచ్చాను. ఏం మాట్లాడానో ఒక్క ముక్క గుర్తులేదు. మరునాడు పొద్దున బస్సెక్కాను.

రేంజరు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. ముందే తెలిస్తే ఇంతదాకా రానిచ్చేవాణ్ణి కాదని నొచ్చుకున్నాడు. దొడ్డిలోంచి మేకలు అరుస్తున్నాయి. ఆ చాయ్ మొత్తం తాగాను. వద్దంటే బాగుండదని తాగాను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అప్పుడు మాత్రం ఏ అసహ్యమూ లేదు, మొద్దుబారిపోయి ఉన్నాను.

రేంజరు మేకలను విడిపించాడు. దొడ్డి దగ్గరే కాచుకుని ఉన్న బాపుతో కలిసి వాటిని తోలుకుని అడవి అంచుకు పోయాం. బాపు ఒక్కో గంప ఎత్తుతూ పోయాడు. కొన్ని గంపల కింద కదలిక ఉంది. చాలావాటి కింద లేదు. తల్లులు వచ్చి మూతులతో తోసి, వాసన చూసి, పక్కనే నిలబడ్డాయి. ఆయన చివరి గంప కూడా ఎత్తి, బోర్లించి, దాని మీద కూర్చున్నాడు.

"మాటిచ్చిండన్నవ్ గదా బిడ్డా."

"ఇచ్చిండు బాపూ. గందుకే నేను పెట్టింది వాపస్ తీసుకున్న."

"నువ్వే తీస్కున్నవా?"

"మా సభల గట్లనే తీస్కుంటరు."

  ఆయన లేచి, బతికిన పిల్లలను తల్లుల దగ్గరికి చేర్చే పనిలో పడ్డాడు. నేను కూడా ఒక పిల్లను ఎత్తుకోబోతే, "ఉండనీ, అంగీ కరాబయితది" అన్నాడు.

వానలు పడకముందే ఆయన మందను అమ్మేశాడు. చాయ్‌కి పాలుండాలని ఒక్క మేకను మాత్రం ఉంచుకున్నాడు.

ఆ తరువాత ఇంకా రెండేళ్లు సభలో ఉన్నాను. ఒకసారి, ఒకే ఒక్కసారి, సవరణ వెనక్కి తీసుకోకుండా ఓటింగుకు పెట్టమని అడిగాను. వకీలుగారు నా మోచేయి రెండుసార్లు తాకారు. నేను లేవలేదు. "అవును" అన్న గొంతు నాదొక్కటే వినిపించింది. సవరణ వీగిపోయింది. వకీలుగారు ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. ఊరికి పోయే బస్సులో కూర్చుని, బాపు అడగ్గానే ఈ సంగతి ఎలా చెప్పాలా అని దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను.

ఆయన వాకిట్లో మేకకు ఆకు వేస్తున్నాడు. నన్ను చూసి చేతులు దులుపుకున్నాడు. నేను చెప్పులు విడవకుండా నిలబడ్డాను.

"బస్సుల జాగా దొరికిందా?" అని అడిగాడు.

"దొరికింది బాపూ" అన్నాను.